పెద్దాసుపత్రికి రాశాక ఏమైంది? మా గాయాల రిజిస్టర్ డైరీ

మొదలుపెట్టకముందు

సదరం క్యాంపులో దివ్యాంగుల సర్టిఫికెట్ల కోసం వరుసలో నిలబడినవాళ్లలో ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. చంక కింద కర్ర, ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. ‘డాక్టరమ్మా, ఆ రోజు కట్టు కట్టి పెద్దాసుపత్రికి రాసిచ్చింది మీరేగా’ అన్నాడు. ఆ గొంతులో కోపమేమీ లేదు, తెలిసిన మనిషి కనిపించిందన్న సంబరమే ఉంది. నాకు మాత్రం ఆయన గుర్తు రాలేదు.

మధ్యాహ్నం క్యాజువాలిటీకి వెళ్లి పాత రిజిస్టర్ తిరగేశాను. దొరికింది. బండి మీంచి పడ్డాడు, కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది, టీటీ ఇచ్చాం, కట్టు కట్టాం. చివరి గడిలో ‘రిఫర్డ్’. యాంటీబయాటిక్ ఇచ్చామా? రాసి లేదు. ఇచ్చి రాయడం మరిచామో, అసలు ఇవ్వనే లేదో తెలియదు. ఎన్ని గంటలకు వచ్చాడో, ఎన్నింటికి బయల్దేరాడో లేదు. ఎముక బయటపడిన గాయానికి మొదటి మోతాదు ఎంత త్వరగా పడితే చీము పట్టే ప్రమాదం అంత తగ్గుతుందని ప్రతి సర్జన్ చదువుకుంటాడు, నేనూ చదివాను. నా సొంత క్యాజువాలిటీలో ఆ మోతాదు ఎప్పుడు పడుతోందో మాత్రం చెప్పలేకపోయాను.

మాది పల్నాడు వైపు, 16వ నంబరు జాతీయ రహదారికి దగ్గరలో ఉన్న ఏరియా ఆసుపత్రి. జనరల్ సర్జన్‌ని నేనొక్కదాన్నే. మత్తు డాక్టరు వారంలో కొన్ని రోజులే ఉంటారు. బ్లడ్ బ్యాంకు లేదు, కొన్ని బ్యాగులు నిల్వ చేసే ఫ్రిజ్ ఉంది. సీటీ స్కాన్ లేదు. గట్టి దెబ్బలతో వచ్చినవాళ్ల ప్రాణం నిలబెట్టి పెద్దాసుపత్రికి పంపడమే మా పని. పంపాక వాళ్లేమయ్యారో తెలుసుకునే దారి ఇన్నాళ్లూ మాకు లేదు. దెబ్బలతో వచ్చినవాళ్ల వివరాలు ఒక ఫారంలో రాసి, నెల తర్వాత ఫోన్ చేసి కనుక్కునే ఈ ప్రాజెక్టు ఆ దారి కోసమే.

దీనికి పాత దారి ఒకటి ఉంది. బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ వందేళ్ల కిందటే ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఇంటికి పంపాక కూడా వాళ్ల బాగోగులు కనుక్కుని అందులో రాసేవాడు. సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టి, 1911 నుంచి 1916 దాకా చూసిన 337 మంది రోగుల ఫలితాలు, అందులో తాను గుర్తించిన 123 పొరపాట్లు అచ్చువేసి అందరికీ పంచాడు. తోటి డాక్టర్లకు ఆయన నచ్చలేదు. నాకు ఎంతో నచ్చాడు.

ఫారం తయారీ

మొదట రాసుకున్న ఫారంలో 38 గడులు వచ్చాయి. మా హెడ్ సిస్టర్ అది చేతిలో పట్టుకుని చూసి, ‘మేడమ్, రాత్రి రెండింటికి ఒక ఆటోలో ఆరుగురు వస్తే ఇది ఎవరు నింపుతారు?’ అని అడిగారు. ఆమెకు ఈ క్యాజువాలిటీలో నాకన్నా చాలా ఎక్కువ అనుభవం. మూడు రోజులు కూర్చుని కొట్టేసుకుంటూ వచ్చాం. ఒక కాగితం, ఒకే వైపు, 17 గడుల దగ్గర ఆగాం.

ఎక్కువ వాదన జరిగింది తీవ్రత కొలిచే స్కోరు దగ్గర. పెద్ద ట్రామా సెంటర్లు ఇంజురీ సివియారిటీ స్కోర్ వాడతాయి. లోపలి గాయాలన్నీ తెలిస్తేనే అది వేయగలం. సీటీ లేని చోట కాలేయం ఎంత చీలిందో ఎవరు చెబుతారు? అందుకని ఉగాండాలో తయారైన కంపాలా ట్రామా స్కోర్ తీసుకున్నాం. వయసు, పై బీపీ, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, స్పృహ ఎలా ఉంది, పెద్ద గాయాలు ఎన్ని. ఈ అయిదింటికీ మార్కులు వేసి కూడితే 5 నుంచి 16 మధ్య ఒక అంకె వస్తుంది. 14 గానీ ఆ పైన గానీ ఉంటే పర్వాలేదు, 11 కంటే దిగితే ప్రాణం మీదికొచ్చినట్టు. బీపీ మిషను, గడియారం, రెండు కళ్లు ఉంటే చాలు. మనలాంటి ఆసుపత్రుల కష్టం తెలిసినవాళ్లు చేసిన స్కోరు ఇది. దీన్ని చూసినప్పుడల్లా నాకు వాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

కొట్టేసిన గడుల్లో ‘తీసుకొచ్చినవారి పేరు’ కూడా ఉంది. రోడ్డు మీద పడిపోయినవాళ్లను తెచ్చిన మనిషి, పేరు అడగగానే వెనక్కి తగ్గుతాడు, కోర్టు చుట్టూ తిప్పుతారేమోనని భయం. 2016లో సుప్రీంకోర్టు, తర్వాత 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఏ సెక్షన్ అలాంటివాళ్లకు రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మా ఫారంలో ఆ గడి ఉంటే మేమే ఆ భయాన్ని పెంచినట్టవుతుంది. తీసేసి, దాని బదులు ‘ఎలా వచ్చారు’ అని పెట్టాం: 108, ఆటో, బండి, ట్రాక్టరు.

గడియారాల సంగతి కూడా ఇక్కడే రాయాలి. క్యాజువాలిటీ గోడ గడియారం, ఆపరేషన్ థియేటర్ గడియారం, 108 వాళ్ల ట్రిప్ షీటు, మూడూ మూడు టైములు చూపిస్తున్నాయి. థియేటర్ గడియారం ప్రకారం చూస్తే ఒక మనిషి ఆసుపత్రికి రాకముందే ఆపరేషన్ బల్ల ఎక్కినట్టుంది. సెకన్ల ముల్లున్న రెండు కొత్త గడియారాలు కొన్నాం. ప్రతి సోమవారం ఫోను టైముతో సరిచూసే బాధ్యత ఫార్మసిస్టు తీసుకున్నారు.

అనుమతి

మా స్థాయి ఆసుపత్రిలో పరిశోధనలను పరిశీలించి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఉండదు. మెడికల్ కాలేజీ కమిటీకి దరఖాస్తు పెట్టాం. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం పాత కేస్ షీట్లు పేర్లు లేకుండా చూడటం ఒక ఎత్తు, ఇంటికి ఫోన్ చేసి అడగడం ఇంకో ఎత్తు. రెండోదానికి అంగీకారం తీసుకోవాలి. స్పృహ లేని మనిషి తరఫున ఇంట్లోవాళ్లు సంతకం పెడితే, కోలుకున్నాక ఆ మనిషినీ విడిగా అడగాలి.

అంగీకార పత్రం మొదటి ప్రతి నేను రాసిందే. ‘ఈ అధ్యయనమునందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు’ అని మొదలైంది. వార్డులో ఒక పెద్దావిడకు చదివి వినిపించాను. మొత్తం విని, ‘ఆపరేషనుకా తల్లీ?’ అని భయంగా అడిగింది. ఆ కాగితం చించేశాను. ఇప్పుడున్నది ఇది: ‘మీకు తగిలిన దెబ్బల వివరాలు మేం రాసుకుంటాం. నెల రోజుల తర్వాత ఫోన్ చేసి ఎలా ఉన్నారో అడుగుతాం. మీ పేరు ఎక్కడా బయటపెట్టం. ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి, మీ వైద్యంలో ఏ తేడా ఉండదు.’ నాలుగు వాక్యాలు, వీటితో పాటు కమిటీ చేర్చమన్న ఫోన్ నంబరు. అదే ఆవిడకు చదివితే, ‘ఇదా, రాసుకోండి మరి’ అంది.

కమిటీ ఇంకో షరతు పెట్టింది. అధ్యయనం పూర్తయ్యేదాకా మధ్యలో లెక్కలు బయటపెట్టకూడదని. అందుకే ఈ డైరీలో శాతాలు ఉండవు. ఏం చేశాం, ఎక్కడ తప్పాం, ఏం మార్చాం అన్నవే రాస్తాను.

1వ వారం

సంక్రాంతి వెళ్లింది, రిజిస్టర్ మొదలైంది. పగటి ఫారాలు బాగున్నాయి. రాత్రివి సగం ఖాళీ. నైట్ డ్యూటీ సిస్టర్ ఒక్కరే సెలైను పెట్టాలి, డాక్టరును పిలవాలి, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టాలి. ఆమెను ఏమనగలను?

2వ వారం

ఫారాలన్నీ బల్ల మీద పరిచి చూస్తే ఒక విషయం కళ్లకు కొట్టింది. అందరి ఊపిరి లెక్కా 20. పక్కటెముకలు విరిగినవాడికీ 20, వేలు తెగినవాడికీ 20. ఎవరూ లెక్కపెట్టడం లేదు, అలవాటుగా రాసేస్తున్నారు. ఇది మా దగ్గరే కాదు, నేను పనిచేసిన ప్రతి వార్డులోనూ చూశాను, హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నేనూ అలాగే రాశాను. కానీ కంపాలా స్కోరులో అయిదో వంతు దాని మీదే నడుస్తుంది. పైగా ఒంట్లోంచి రక్తం పోతున్నప్పుడు బీపీ కన్నా ముందు మారేది నాడి, ఆ వెంటే ఊపిరి.

అందరినీ పిలిచి ఉపన్యాసం ఇవ్వలేదు. ఇద్దరిద్దరిని జతచేసి, ఒకే మనిషి ఊపిరిని ఒకే నిమిషం పాటు ఇద్దరూ మనసులో లెక్కపెట్టి కాగితం మీద రాయమన్నాను. తేడాలు చూసి వాళ్లే ఆశ్చర్యపోయారు. పొట్ట మీద చేయి వేసి లెక్కపెడితే తేలికని ఒక చిన్న సిస్టర్ కనిపెట్టింది. పొట్టకు దెబ్బ తగిలినవాళ్ల విషయంలో అది కుదరదు కాబట్టి వాళ్లకు రోగి చేతిని నాడి చూస్తున్నట్టు ఛాతీ మీద పెట్టి లెక్కపెడుతున్నాం. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు, నాడి చూస్తున్నామనుకుంటే మార్చడు.

రాత్రి ఫారాలకు దారి మా ఎంఎన్ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ, అంటే వార్డు సహాయకుడు) చూపించాడు. ఇంటర్ చదివాడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ‘టైములూ, ఎలా వచ్చారన్నదీ నేను రాస్తా మేడమ్, మిగతావి సిస్టర్ చెబితే నింపుతా’ అన్నాడు. ఒక పూట శిక్షణ ఇచ్చాం. ఆ వారం నుంచి రాత్రి ఫారాలే పగటివాటికన్నా శుభ్రంగా ఉన్నాయి.

3వ వారం

ఒక ఆపరేషన్ గురించి రాయాలి. బండి హ్యాండిల్ పొట్టలో గుచ్చుకున్న కుర్రాడు. బయట చిన్న గీత మాత్రమే ఉంది. పొట్ట చెక్కలా బిగుసుకుంది, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొర) కింద సన్నటి గాలి చార. పేగు చిరిగింది. అదృష్టం కొద్దీ మత్తు డాక్టరు ఊళ్లోనే ఉన్నారు, ఫ్రిజ్‌లో అతని గ్రూపు రక్తం ఉంది. ఇక్కడే చేద్దామనుకున్నాం.

2015లో వైద్య పత్రిక లాన్సెట్ వేసిన గ్లోబల్ సర్జరీ కమిషన్ ఒక గీటురాయి చెప్పింది. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, ఎముక బయటపడిన విరుపుకు చికిత్స. ఈ మూడూ చేయగల ఆసుపత్రి మిగతా అత్యవసర ఆపరేషన్లు కూడా చాలావరకు చేయగలదని, అలాంటిది కనీసం 80 శాతం మందికి రెండు గంటల దూరంలో ఉండాలని. మాకు మొదటిది తరచూ జరుగుతుంది. రెండోది మత్తు డాక్టరు ఉంటేనే. మూడోది ఇంకా చేయలేం. ఎక్కడ ఉన్నామో అది చదివితే స్పష్టంగా తెలుస్తుంది.

ఆ రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టును మొదటిసారి గట్టిగా, అందరికీ వినపడేలా చదివాం. గోడకు అంటించి చాలా రోజులైంది గానీ చదివేవాళ్లం కాదు. 2009లో అచ్చయిన అధ్యయనంలో ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో, వాటిలో న్యూఢిల్లీ ఒకటి, దాన్ని వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. మందు లేదు, మిషను లేదు, 19 అంశాలున్న ఒక కాగితం. మత్తు ఇవ్వకముందు చదువుతుంటే సక్షన్ (పొట్టలోని ద్రవాన్ని లాగే మిషను) దగ్గర ఆగాం. స్విచ్ వేస్తే మోటారు తిరుగుతోంది, లాగడం లేదు, సీసా మూత రబ్బరు చీలిపోయింది. పొట్ట తెరిచాక తెలిసి ఉంటే ఆ మురికి నీళ్లను గుడ్డలతో అద్ది తీయాల్సి వచ్చేది. పక్క లేబర్ రూమ్ నుంచి సక్షన్ తెచ్చుకున్నాకే మత్తు ఇచ్చారు. జెజునంలో (చిన్నపేగులో ఒక భాగం) రూపాయి బిళ్లంత చిరుగు. కుట్టి, కడిగి, మూశాం. తొమ్మిదో రోజు ఇంటికెళ్లాడు. అతని ఫారం 30వ రోజు ఫోను జాబితాలో ఉంది.

5వ వారం, శివరాత్రి

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లే ప్రభలు, ట్రాక్టర్లు, ఆటోలు. అవతల మిరపకాయ కోతల కూలీలతో కిక్కిరిసిన ట్రాలీలు. ఏటా ఈ రోజు మా క్యాజువాలిటీకి ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ముందురోజే ఫారాలకు నంబర్లు వేసి అట్టలకు క్లిప్పు చేసి పెట్టాం.

తెల్లవారుజామున ట్రక్కు బోల్తా పడి ఒకేసారి వచ్చినవాళ్లలో నలభై ఏళ్లావిడ ఒకరు. మెలకువగా ఉంది, మాట్లాడుతోంది, బీపీ 108. పక్కన నిలబడిన బంధువులు ‘ఈమెకేం పర్లేదు, ముందు ఆయన్ని చూడండి’ అంటున్నారు. ఫారం నింపుతున్న ఎంఎన్ఓ, ‘మేడమ్, నాడి 124’ అన్నాడు. నాడిని పై బీపీతో భాగిస్తే 1 దాటింది. మామూలుగా అది 0.5కీ 0.7కీ మధ్య ఉంటుంది. ఒంట్లో రక్తం నాలుగో వంతు పోయినా బీపీ నిలబడే ఉండవచ్చు. తుంటి దగ్గర చేయి పెట్టగానే కేక పెట్టింది. కటి ఎముక విరిగింది.

దుప్పటి మడిచి కట్టాం. ఈ కట్టు నడుముకు కట్టేస్తుంటారు, అది తప్పు. తొడ పైభాగాన, పక్కకు ఎముక బొడిపెలు చేతికి తగిలే చోట బిగించాలి. తర్వాత రక్తం పోవడాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ కావాలి అన్నాను. క్యాజువాలిటీ ట్రేలో లేదు. మందుల గదికి తాళం. అప్పుడు హెడ్ సిస్టర్ అన్న మాట నేను మరిచిపోను: ‘లేబర్ రూమ్‌లో ఉంటుంది మేడమ్, కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే అదేగా ఇస్తాం.’ మొత్తం ముప్పై అడుగుల దూరం. ఇన్నేళ్లూ ఆ మందు గోడకు అవతలే ఉంది.

ఈ మందును 1962లో జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకె కనిపెట్టారు, ఉటాకో కోరికే కాన్పుల్లో చనిపోయే తల్లుల్ని కాపాడటం. ఆ పని చేస్తుందని 2017 వుమన్ ట్రయల్‌లో తేలింది. అంతకుముందే, 2010లో, 40 దేశాల్లో 20,211 మంది గాయపడినవాళ్లపై జరిగిన క్రాష్-2 ట్రయల్ దీంతో మరణాలు తగ్గుతాయని చూపించింది. ఒక గ్రాము పది నిమిషాల్లో, మరో గ్రాము ఎనిమిది గంటల్లో. అయితే దెబ్బ తగిలిన మూడు గంటల లోపే ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే మేలు లేకపోగా కీడు జరిగే అవకాశం ఉంది.

ఆవిడకు మొదటి గ్రాము పడి, రక్తం బ్యాగు ఎక్కి, 108లో బయల్దేరేసరికి తెల్లగా తెల్లారింది. ఆ రోజే క్యాజువాలిటీ ట్రేలో రెండు ఆంప్యూల్స్, 100 మిల్లీలీటర్ల సెలైను సీసా కలిపి ఒక డబ్బాలో పెట్టాం. ఎర్ర ప్లాస్టరు అంటించి ‘రక్తం పోతుంటే’ అని రాసింది మా చిన్న సిస్టరే.

6వ వారం

మూడు గంటల లోపు అనాలంటే దెబ్బ ఎప్పుడు తగిలిందో తెలియాలి. ఆ గడిలో ‘పొద్దున’, ‘పాల వ్యాను వచ్చే వేళ’, ‘బడి వదిలాక’ అని వస్తోంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, గడియారం చూసుకుని ఎవరూ పడరు. ఫోను అడగమని ఎంఎన్ఓకు నేనే చెప్పాను: దెబ్బ తగలగానే మొదట ఎవరికి ఫోన్ చేశారు? ఇంటికైనా, 108కైనా, కాల్ లిస్టులో టైము ఉంటుంది. అందులోంచి అయిదు పది నిమిషాలు తీసేస్తే చాలా దగ్గరగా వస్తుంది. ఈ ఒక్క ప్రశ్నతో ఆ గడి దాదాపు నిండిపోతోంది. ఇలాంటి రిజిస్టర్ పెట్టాలనుకునే వేరే ఆసుపత్రివాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఇంకేం తీసుకోకపోయినా ఇది తీసుకోండి.

ఈ వారమే తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు వచ్చాడు. నడుం దగ్గర వెన్నెముక. కాళ్లలో స్పర్శ ఉంది, కదలిక తక్కువ. పలక మీద కదలకుండా పడుకోబెట్టి పంపాం. అతని భార్య నంబరు, పక్కింటివాళ్ల నంబరు రెండూ రాసుకున్నాం.

8వ వారం: ఫోన్లు

నెల రోజులు నిండినవాళ్లకు ఫోన్లు మొదలై రెండు వారాలైంది. ఈ ప్రాజెక్టులో నేను ముందు ఊహించని కష్టమంతా ఇక్కడే ఉంది.

మొదటి కష్టం నంబర్లు. ప్రమాదంలో రోగి ఫోను పగిలిపోయి ఉంటుంది. ఆ హడావిడిలో చెప్పిన నంబరు తీసుకొచ్చిన ఆటో డ్రైవరుది అవుతుంది. రెండోది, కొత్త నంబరు చూసి లోను వాళ్లనో, మోసగాళ్లనో అనుకుని ఎత్తరు. పగలు చేస్తే పొలంలో ఉంటారు. సాయంత్రం ఏడు దాటాక చేస్తున్నాం, వాళ్లూ కూర్చుని ఉంటారు, మాకూ ఓపీ ఉండదు. మొదటి మాటగా ఊరి పేరు చెబుతున్నాం: ‘మీ వూరి ఆసుపత్రి నుంచి, ఆ రోజు కట్టు కట్టిన సిస్టర్‌ని మాట్లాడుతున్నా.’ అప్పుడు గొంతు మారుతుంది.

పోయినవాళ్ల ఇళ్లకు చేసినప్పుడు ఎలా అడగాలి? మొదటి రోజు నేనే చేశాను. ‘ఆయన ఎలా ఉన్నారు?’ అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. ‘ఆయన లేరమ్మా’ అంది ఒక ఆడ గొంతు. నేను ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు హెడ్ సిస్టర్‌తో కూర్చుని మాటల వరుస మార్చాం. ఇప్పుడు ‘ఇంట్లో అందరూ ఎలా ఉన్నారమ్మా? ఇక్కడి నుంచి వెళ్లాక ఏం జరిగిందో చెబుతారా?’ అని అడుగుతున్నాం. వాళ్లు చెప్పగలిగినంత చెబుతారు. తొందరపెట్టం, ఫారం పక్కన పెట్టేసి వింటాం. పోయినవాళ్ల ఇళ్ల సంభాషణలు ఎక్కువసేపు సాగుతాయి. అడిగినవాళ్లు లేరని, మీరైనా అడిగారని చాలామంది అన్నారు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతుంది, అది పోలీసు కేసుల నుంచి తీసిన లెక్క. అందులోని ఒక్కొక్కరి వెనక ఇలాంటి సాయంత్రం ఒకటి ఉంటుందని ఈ ఫోన్లు చేస్తేగానీ నాకు తెలియలేదు.

పేగు కుట్టిన కుర్రాడికి నేనే చేశాను. బాగున్నాడు, అన్నం తింటున్నాడు. ‘కుట్ల దగ్గర కొంచెం చీము పట్టింది మేడమ్, మా వూరి ఆర్‌ఎంపీ రెండు కుట్లు విప్పి కడిగాడు, తగ్గిపోయింది’ అన్నాడు. ఆపరేషన్ గాయానికి పట్టే చీమును 30 రోజుల దాకా చూడాలన్నది ప్రమాణం. డిశ్చార్జ్ రోజు నా కేస్ షీటులో ‘గాయం శుభ్రం’ అని ఉంది. అది నిజమే, ఆ రోజుకి. ఫోన్ చేయకపోతే నా ఆపరేషన్లలో చీము పట్టదని నమ్ముకుంటూ బతికేదాన్ని. సంతకం చేసి ఫారంలో రాశాను.

9వ వారం

తిరునాళ్ల నాటి ఆవిడ కూతురు ఎత్తింది. ‘అమ్మ లేచి కూర్చుంటోంది, ఇంకో నెల నడవొద్దన్నారు.’ స్పీకర్ పెట్టి హెడ్ సిస్టర్‌కు, ఎంఎన్ఓకు వినిపించాను. నాడి 124 అని అరిచింది ఇతనేనని ఆ అమ్మాయికి చెప్పాను.

10వ వారం

ఇప్పటిదాకా వచ్చిన ఫారాల్లో వచ్చిన టైము, బయల్దేరిన టైము మధ్య ఎడం చూస్తున్నాను. ఎక్కువ ఆలస్యమైనవి ఒక్కొక్కటీ తీసి, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లను అడిగాను. అంబులెన్సు కోసం ఆగినవి నేననుకున్నంత లేవు. ఎమ్మెల్సీ (పోలీసు కేసు కోసం గాయాల వివరాలు) రాయడం, అవుట్‌పోస్టుకు సమాచారం పంపడం, కాగితాల జిరాక్సులు, బంధువుల్లో ఎవరు వెంట వెళ్లాలన్న చర్చ, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరుగుతున్నాయి. వైద్యం ఎవరూ ఆపలేదు, కానీ బయల్దేరడం ఆగింది. పోలీసు లాంఛనాల కోసం గాయపడినవాళ్ల వైద్యం ఆగకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. పైకి పంపడం కూడా వైద్యంలో భాగమే అనుకుంటే అదే మాట దీనికీ వర్తిస్తుంది.

సూపరింటెండెంట్ గారి దగ్గర కూర్చున్నాం. ఆయన అడ్డు చెప్పలేదు. ఇకపై ఎమ్మెల్సీ వివరాలు ఒకరు రాస్తుంటే, అదే సమయంలో ఇంకొకరు రోగిని సిద్ధం చేస్తారు. జిరాక్సు కోసం ఎవరూ ఆగరు, రిఫరల్ చీటీని మొదటే కార్బన్ పెట్టి రాస్తారు. బయల్దేరేముందు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెబుతారు: ఏం జరిగింది, ఎక్కడ దెబ్బ, స్కోరు ఎంత, ఏం ఇచ్చాం. చీటీ మీద పైనే రెండు పెట్టెలు అచ్చువేయించాం, యాంటీబయాటిక్ టైము, ట్రానెగ్జామిక్ టైము. ఖాళీగా ఉంటే అంబులెన్సు తలుపు మూయవద్దని ఎంఎన్ఓకు అధికారం ఇచ్చాం. డాక్టరు మీద అతనికి అధికారమేమిటని ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆ డాక్టరు నేనైనా సరే ఆపమని అందరి ముందూ చెప్పాను.

11వ వారం

గీత కార్మికుడి ఇంటికి ఫోన్. భార్య మాట్లాడింది. ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నేను సంతోషంగా ‘బతికి ఉన్నారు’ దగ్గర టిక్కు పెట్టబోయాను. ఆమె ఆగలేదు. ‘ఇక చెట్టెక్కడమ్మా. ముంజల కాలం, తాళ్లన్నీ అలాగే ఉన్నాయి. ఇంట్లో ఎక్కగలిగినోళ్లు ఇంకెవరున్నారు?’ పెద్దాడు పదో తరగతి. పరీక్షలు రాశాక బడి మానేస్తానంటున్నాడట.

మా ఫారంలో నెల తర్వాత గడిలో రెండే మాటలు ఉన్నాయి, బతికి ఉన్నారు, లేరు. ఈ ఇంటి సంగతి వాటిలో దేనిలోనూ పట్టదు. కమిటీకి సవరణ పంపాం, ఒక్క ప్రశ్న చేర్చడానికి: ‘మునుపటి పనికి వెళ్తున్నారా?’ ఆరు నెలలకు మళ్లీ ఒకసారి ఫోన్ చేయడానికి కూడా అనుమతి అడిగాం. సదరం క్యాంపు ఎప్పుడు, ఏ కాగితాలు తేవాలి అన్నది ఆమెకు చెప్పాను. పిల్లవాణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపమన్నాను.

12వ వారం

మొదటి పుస్తకం నిండింది. రెండోది కుట్టించుకొచ్చాం, ఈసారి గట్టి అట్ట. ‘రిమార్క్స్’ గడి తీసేసి, ఆ చోట వెడల్పుగా ‘నెల తర్వాత’ అని అచ్చువేయించాం. సవరణకు అనుమతి వచ్చేదాకా కొత్త ప్రశ్న గడి మీద కాగితం అంటించి ఉంచాం.

మిగిలిన పనులు: ఊపిరి లెక్క జతల్లో మళ్లీ సరిచూడాలి, ఇద్దరు కొత్త సిస్టర్లు చేరారు. డబ్బాలోని ఆంప్యూల్స్ గడువు తేదీలు చూడాలి. నంబరు దొరకనివాళ్ల జాబితా ఆశా కార్యకర్తలకు ఇవ్వవచ్చా అని కమిటీని అడగాలి, పేరు బయటపడకుండా ఎలా అన్నది ఇంకా తేలలేదు.

పదో తరగతి పిల్లవాడు ఆదివారం వస్తానన్నాడు. రేపు సాయంత్రం ఏడింటికి నాలుగు ఫోన్లు ఉన్నాయి. రెండు నంబర్లు హెడ్ సిస్టర్ దగ్గర, రెండు నా దగ్గర.